స్పీకర్లకు, గదికి డిజిటల్ సవరణ: చేత్తో చేసుకోవాలా, యంత్రానికి వదలాలా? – తరచుగా అడిగే ప్రశ్నలు

దుకాణంలో ముచ్చటగా పలికిన స్పీకర్లు ఇంటికి వచ్చాక బొంగురుపోయాయని బాధపడేవారి కోసం ఈ పేజీ. రిసీవర్‌తో (హోమ్ థియేటర్ స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్‌తో) వచ్చిన మైకును సోఫా మీద పెట్టి మీట నొక్కితే చాలునా, లేక కొలతలు తీసి, గ్రాఫులు చదివి, ఫిల్టర్లు స్వయంగా వేసుకోవాలా అన్నదే అందరూ అడిగే అసలు ప్రశ్న. నేను రెండు దారుల్లోనూ నడిచాను. మా హాల్లో, స్నేహితుల ఇళ్లలో ఏళ్ల తరబడి కొలిచి, సవరించి, అంతా తుడిచేసి మళ్లీ మొదలుపెట్టగా మిగిలిన అభిప్రాయాలు ఇవి.

డిజిటల్ సవరణ అంటే ఏమిటి?

స్పీకర్‌కు చేరకముందే సంగీత సంకేతాన్ని లెక్క ప్రకారం మార్చి పంపడం. స్పీకర్, గది కలిసి ఒక పౌనఃపున్యాన్ని 8 డెసిబెల్ ఎక్కువ చేసి వినిపిస్తున్నాయనుకోండి. దాన్నే ముందుగా 8 డెసిబెల్ తగ్గించి పంపితే చెవికి చేరేసరికి లెక్క సరిపోతుంది. పొలం చదును చేయడం లాంటి పని ఇది. కాబట్టి గ్రాఫులో పైకి లేచిన చోటును మిట్ట అనీ, కిందికి దిగిన చోటును పల్లం అనీ ఈ పేజీలో పిలుస్తాను. రైతుకు తెలిసిన ఒక సంగతి ఇక్కడ కూడా వర్తిస్తుంది: మిట్టను చెక్కడం వేరు, పల్లాన్ని పూడ్చడం వేరు.

గది నిజంగా అంత తేడా చేస్తుందా? ఖరీదైన స్పీకర్లు కొంటే ఈ బాధ పోదా?

పోదు. ఎంత గొప్ప స్పీకరైనా మంద్రంలో గది చెప్పినట్టే వినాలి.

ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. గది పొడవుకు రెట్టింపు తరంగదైర్ఘ్యం గల శబ్దం ఎదురెదురు గోడల మధ్య నిలబడిపోతుంది. బడిలో భౌతికశాస్త్రంలో చదివిన స్థిర తరంగాలు ఇవే. మా హాలు పొడవు 14 అడుగులు, వెడల్పు 11, ఎత్తు 10. లెక్క వేస్తే పొడవు వల్ల 40 హెర్ట్జ్, వెడల్పు వల్ల 51, ఎత్తు వల్ల 56 దగ్గర అనునాదాలు వస్తాయి. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావైన తీగను మీటితే 41 హెర్ట్జ్ పలుకుతుంది, దాని పక్క తీగ 55. అంటే ఒక తీగను గది పొడవు, మరో తీగను పైకప్పు పట్టుకుని ఊపుతున్నాయన్నమాట. 40కీ 51కీ మధ్యలోని స్వరాలకు ఆ ఊపు అంతగా అందదు. ఒకే వాద్యం, ఒకే చేయి, ఒకే బలం. అయినా ఒక స్వరం గుండెలమీద గుద్దినట్టు, పక్క స్వరం లేనట్టు వినిపిస్తుంది. పాపం, బేస్ వాయించినవాడి తప్పు ఇందులో ఏమీ లేదు.

మన ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. అమెరికాలో చాలా ఇళ్ల గోడలు చెక్క చట్రానికి జిప్సం బోర్డు బిగించి కట్టినవి. మంద్ర ధ్వని తగిలినప్పుడు అవి కాస్త కంపించి కొంత మింగుతాయి, కొంత బయటికి వదిలేస్తాయి. ఇటుక గోడలు, కాంక్రీటు శ్లాబు, టైల్స్ నేల ఉన్న హైదరాబాదు ఫ్లాటులోనో విజయవాడ ఇంట్లోనో ఆ శబ్దానికి పారిపోయే దారి లేదు. గోడ నుంచి గోడకు తిరిగి తిరిగి నెమ్మదిగా చల్లారుతుంది. అక్కడివారు తమ గదుల్లో చూసి చెప్పిన సలహాలను ఇక్కడ అలాగే పాటిస్తే నిరాశ కలగడానికి ఇదొక కారణం.

యంత్రం చేసే సవరణలో ఏయే పద్ధతులు ఉన్నాయి?

డెనాన్, మరాంట్జ్ రిసీవర్లలో కనిపించే ఆడిసీ మల్ట్‌ఈక్యూ సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జరిగిన పరిశోధన నుంచి పుట్టింది. యమహా పద్ధతి పేరు వైపావో. స్వీడన్‌లోని ఉప్సాలా నగరంలో పుట్టిన డిరాక్ లైవ్ ఇప్పుడు అనేక కంపెనీల పరికరాల్లో దొరుకుతోంది. డెన్మార్క్‌కు చెందిన లింగ్‌డార్ఫ్ తన రూమ్‌పర్ఫెక్ట్‌తో శ్రోత కూర్చునే చోటుతో పాటు గదిలో అక్కడక్కడా కొలిచి, గది స్వభావాన్ని వేరుగా అంచనా వేస్తుంది. ఫ్రాన్స్ సంస్థ ట్రిన్నోవ్ నాలుగు మైకులు బిగించిన పరికరంతో శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో కూడా కనిపెడుతుంది. సోనోస్ వారి ట్రూప్లే ఐఫోన్‌ను చేత్తో గదంతా ఊపుతూ నడవమంటుంది.

బయటికి ఎన్ని తేడాలున్నా లోపల జరిగేది ఒకటే: కొలవడం, సగటు తీయడం, ముందే నిర్ణయించిన ఒక గీతతో పోల్చడం, తేడాకు సరిపడే ఫిల్టర్లు తయారుచేయడం.

మరి చేత్తో చేయడం అంటే?

జాన్ మల్కాహీ రూపొందించిన రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక కొలత మైకు, ఒక కంప్యూటర్ ఉంటే మొదలుపెట్టవచ్చు. కొలిచి, గ్రాఫు చూసి, ప్రతి ఫిల్టర్‌కూ మూడు సంఖ్యలు మీరే నిర్ణయిస్తారు: ఎక్కడ, ఎంత, ఎంత వెడల్పున. ఆ సంఖ్యలను విండోస్‌లో అయితే ఈక్వలైజర్ ఏపీవో అనే సాఫ్ట్‌వేర్‌కు, లినక్స్ లేదా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద అయితే కామిల్లా డీఎస్పీ అనే సాఫ్ట్‌వేర్‌కు, అవేవీ లేకపోతే విడిగా కొన్న డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసర్) పెట్టెకు ఇస్తారు.

అయితే ఈ రెండు దారుల మధ్య గోడ పల్చనిది. రూమ్ ఈక్యూ విజార్డ్‌లోనూ ఫిల్టర్లను తనంతట తాను వేసే మీట ఉంది. డిరాక్‌లో, ఆడిసీ ఫోను యాప్‌లో ఎంత పౌనఃపున్యం వరకు సవరించాలో మీరే గీత గీయవచ్చు.

ఒక్క మాటలో చెప్పండి, రెండింటిలో ఏది మంచిది?

కొలవడం, లెక్కించడం యంత్రానికి వదలండి. ఏది సవరించాలి, ఏది వదిలేయాలి అనే తీర్పు మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

యంత్రం అలసిపోదు. ఎనిమిది చోట్ల కొలిచి సగటు తీయమంటే తీస్తుంది. స్పీకర్ల దూరాలు, స్థాయులు, వాటి మధ్య కాలభేదం లెక్కించడంలో మనిషికన్నా అదే నమ్మదగినది. మీటరు దూరానికి 2.9 మిల్లీసెకన్లు చొప్పున ఏడు స్పీకర్లకు చేత్తో లెక్క వేస్తూ కూర్చోనక్కరలేదు. కానీ గ్రాఫులో కనిపించే ఒక పల్లం స్పీకర్ లోపమా, గోడ చేసిన పనా, సోఫా వీపు వల్ల వచ్చిందా, మైకును పట్టుకున్న స్టాండు వల్ల వచ్చిందా అన్నది దానికి తెలియదు. చాలా పద్ధతుల్లో ఆ ప్రశ్నే తలెత్తదు. గీతకు దూరంగా ఉంటే దగ్గరకు లాగుతుంది, అంతే.

200 నుంచి 300 హెర్ట్జ్ కింద గదిదే రాజ్యం. అక్కడ యంత్రం సవరణ చాలా మేలు చేస్తుంది. ఆ పైన స్పీకర్ గురించి సరైన సమాచారం చేతిలో ఉన్నప్పుడే, మృదువుగా, చేత్తోనే చేయాలి.

యంత్రం ఎక్కువగా ఎక్కడ పొరపాటు పడుతుంది?

పల్లాల దగ్గర. మా ఇంట్లో జరిగినది చెబుతాను. సోఫా సరిగ్గా హాలు మధ్యలో ఉండేది. రిసీవర్ తన పని ముగించాక సినిమా పెడితే సబ్‌వూఫర్ గట్టిగా మూలిగింది, వినిపించాల్సిన గర్జన మాత్రం వినిపించలేదు. కొలిచి చూస్తే 40 హెర్ట్జ్ దగ్గర యంత్రం 9 డెసిబెల్ పెంచి ఉంది.

గది పొడవు మధ్యబిందువు దగ్గర మొదటి స్థిర తరంగం పీడనం సున్నా అవుతుంది. గోడల దగ్గర 40 హెర్ట్జ్ దద్దరిల్లుతున్నా మధ్యలో కూర్చున్నవారికి అది అందదు. మైకు అక్కడే ఉంది కనుక యంత్రానికి పల్లమే కనిపించింది, నింపడం మొదలుపెట్టింది. కానీ అది పూడ్చగలిగే గుంట కాదు. ఎదురెదురుగా వచ్చిన తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకునే చోటు అది. మీరు శబ్దం పెంచితే నేరుగా వచ్చేదీ పెరుగుతుంది, తిరిగి వచ్చి దాన్ని రద్దు చేసేదీ అంతే పెరుగుతుంది. అడుగులేని బావిలో మట్టి పోసినట్టే.

పోసిన మట్టికి ఖర్చు మాత్రం తప్పదు. 3 డెసిబెల్ పెంచితే ఆంప్లిఫయర్ రెట్టింపు శక్తి ఇవ్వాలి, 6 అయితే నాలుగు రెట్లు, 9 అయితే సుమారు ఎనిమిది రెట్లు. 20 వాట్లు సరిపోయే చోట 160 వాట్లు కావాలి. ఆ శక్తితో వూఫర్ కోన్ హద్దు దాటి ఊగుతుంది. హాల్లో వినిపించకపోయినా పక్క గదిలో పడుకున్న పెద్దవారికి ఆ శబ్దం మొత్తం చేరుతుంది.

ఆ సవరణ తీసేసి సోఫాను రెండడుగులు వెనక్కి జరిపాను. 40 దగ్గరి పల్లం చాలా వరకు పూడింది. ఇంకో మేలు కూడా జరిగింది: అదే పొడవు వల్ల 80 హెర్ట్జ్ దగ్గర వచ్చే రెండో అనునాదానికి గది మధ్యలో మిట్ట ఉంటుంది, అదీ దిగింది. రూపాయి ఖర్చు లేదు, ఒక్క ఫిల్టర్ కూడా లేదు.

అయితే పల్లాలను అసలు ముట్టుకోకూడదా?

వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్నవాటిని 2, 3 డెసిబెల్ వరకు లేపవచ్చు. సన్నగా, కత్తితో కోసినట్టు దిగినవాటిని వదిలేయండి. చెవి కూడా వాటిని పెద్దగా పట్టించుకోదు. వెడల్పైన మిట్టలే మనల్ని ఎక్కువగా బాధపెడతాయి. నేను పాటించే సూత్రం చిన్నది: కోయండి, పోయకండి. ఏదైనా ఫిల్టర్‌లో 3 డెసిబెల్ పెంచితే మొత్తం స్థాయిని అంతే తగ్గించి ఉంచండి. లేకపోతే పాటలో గట్టి చోట్ల డిజిటల్ సంకేతం తన గరిష్ఠ హద్దుకు తగిలి చిరుగుతుంది.

200 హెర్ట్జ్ పైన యంత్రాన్ని ఎందుకు ఆపమంటారు?

జర్మన్ భౌతిక శాస్త్రవేత్త మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ పేరుతో ఒక సరిహద్దు ఉంది. దాని కింద గది విడివిడి అనునాదాలుగా ప్రవర్తిస్తుంది. దాని పైన వేలకొద్దీ ప్రతిబింబాలు కలిసిపోయి సముద్రంలా ఉంటుంది. ప్రతినాద కాలాన్ని (శబ్దం ఆగాక అది గదిలో చల్లారడానికి పట్టే సెకన్లను) గది ఘనపరిమాణంతో భాగించి, వర్గమూలం తీసి, 2000తో గుణిస్తే ఆ సరిహద్దు వస్తుంది. మా హాలు సుమారు 43.6 ఘనపు మీటర్లు. ప్రతినాదం అర సెకను ఉంటే సరిహద్దు 214 హెర్ట్జ్, సామాన్లు లేని ఖాళీ హాల్లా 0.8 సెకన్లు ఉంటే 271.

సరిహద్దు పైన మైకు వినేదీ మన చెవి వినేదీ ఒకటి కాదు. మైకు నేరుగా వచ్చిన శబ్దాన్నీ, నేల, గోడ, టీపాయి తాకి వచ్చిన శబ్దాన్నీ కలిపి ఒకే ముద్దగా లెక్కిస్తుంది. చెవి అలా చేయదు. ముందుగా వచ్చినదాన్ని బట్టి వాద్యం ఎలా ఉందో, ఎక్కడుందో గుర్తిస్తుంది. వెనక వచ్చినవాటిని గది రూపంగా అర్థం చేసుకుంటుంది. ఇప్పుడు ఆ ముద్దను చదును చేయాలని యంత్రం నేరుగా వచ్చే శబ్దాన్నే మార్చిందనుకోండి. అద్దంలో మరక ఉందని ముఖం తుడిచినట్టవుతుంది.

ఇంకొకటి, 10 కిలోహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 3.4 సెంటీమీటర్లు మాత్రమే. తల అటూ ఇటూ తిప్పితేనే మారిపోయే వివరాన్ని ఫిల్టర్‌తో సరిచేయడానికి అర్థం లేదు. 50 హెర్ట్జ్ తరంగం దాదాపు 7 మీటర్లు. అక్కడ తల కదిలినా లెక్క చెడదు.

దీన్ని తెలుసుకోవడానికి తంబురా కన్నా మంచి పరీక్ష నాకు తెలియదు. సవరణ వేసి, తీసి, తంబురా శ్రుతి మాత్రమే రెండు నిమిషాలు వినండి. తీగ మీద మెరిసే ఆ సన్నని అనుస్వరాల జీవం పోయి, గాజుమీద గీసినట్టో, దుప్పటి కప్పినట్టో వినిపిస్తే పైభాగంలో సవరణ ఎక్కువైందని అర్థం. మంద్రానికి మృదంగం ఉంది: తొప్పి (ఎడమ వైపు) మీద పలికే గుంకీ అనే మంద్ర నాదం మొదలైనట్టే ఆగాలి. ఆగకుండా ఈడ్చుకుపోతే అది కళాకారుడిది కాదు, గదిది.

స్పీకర్ లోపాన్ని, గది లోపాన్ని వేరు చేయడం ఎలా?

మొదటి మార్గం: ప్రతిధ్వని లేని పరిస్థితుల్లో తీసిన కొలతలు మీ స్పీకర్‌కు దొరుకుతాయేమో చూడండి. సీటీఏ-2034 అనే స్పీకర్ కొలతల ప్రమాణం ప్రకారం స్పీకర్ చుట్టూ 10 డిగ్రీలకొకటి చొప్పున అడ్డంగా, నిలువుగా మొత్తం 70 కొలతలు తీస్తారు. కెనడా జాతీయ పరిశోధన మండలిలోనూ, తరువాత హర్మన్ ఆడియో సంస్థలోనూ పరిశోధకులు ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ దశాబ్దాల పాటు చేసిన శ్రవణ పరీక్షల ఫలితమే ఈ పద్ధతికి పునాది. ఎదుటినుంచి కొలిచినప్పుడూ, పక్కలనుంచి కొలిచినప్పుడూ ఒకే చోట మిట్ట కనిపిస్తే అది నిజమైన స్పీకర్ లోపం. ఫిల్టర్‌తో చక్కగా పోతుంది. ఎదుటే కనిపించి పక్కన కనిపించకపోతే దాన్ని కదపకండి. ఎదుట సరిచేస్తే పక్కన చెడుతుంది, పక్కకు వెళ్లిన శబ్దమూ గోడను తాకి మీ దగ్గరికే వస్తుంది.

రెండో మార్గం స్వయంగా కొలవడం. స్పీకర్‌ను, మైకును 1.2 మీటర్ల ఎత్తున, ఒకదానికొకటి 1 మీటరు దూరంలో, గోడలకు దూరంగా ఉంచండి. నేల తాకి వచ్చే శబ్దం 2.6 మీటర్లు ప్రయాణించాలి కనుక నేరుగా వచ్చినదానికన్నా సుమారు 4.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ కాలం వరకే కొలతను కత్తిరించి తీసుకుంటే గది లేకుండా స్పీకర్ మాత్రమే మిగులుతుంది. దీనికి ఒక పరిమితి ఉంది: అంత చిన్న ముక్కలో సుమారు 215 హెర్ట్జ్ కన్నా సన్నని వివరం కనిపించదు. పై భాగం చదవడానికి అది చాలు. మీట నొక్కి వదిలేసే చాలా పద్ధతుల్లో ఈ వేరు చేసే అవకాశమే ఉండదు.

ఫోనులోని మైకు సరిపోతుందా?

స్థాయులు సుమారుగా చూసుకోవడానికి తప్ప సరిపోదు. మినీ డీఎస్పీ వారి యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైకు కొనండి. ఒక్కో మైకుకూ దాని వరుస సంఖ్య ప్రకారం విడి సవరణ ఫైలు ఇస్తారు. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం చాలామంది మరచిపోతారు. మైకును స్పీకర్ వైపు చూపితే ఒక ఫైలు, పైకప్పు వైపు చూపితే మరొకటి. అటు ఇటు అయితే పైభాగం గ్రాఫు మొత్తం తప్పుతుంది.

కొలిచేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఫ్యాను, ఏసీ ఆపండి. మైకును చేత్తో పట్టుకోకండి, సోఫా మీద ఆనించకండి, స్టాండు వాడండి. కొలతకు వాడే స్వీప్ శబ్దం మంద్రం నుంచి తారానికి ఒక్క ఊపిరిలో పాకుతుంది. ఇటలీకి చెందిన ఆంజెలో ఫరీనా 2000లో వివరించిన పద్ధతి ఇది. స్పీకర్ స్వయంగా కలిపే వక్రీకరణను అసలు స్పందన నుంచి విడదీయగలగడం దీని గొప్పతనం. ఫ్యాను హోరు లాంటి ఎడతెగని శబ్దాన్ని ఇది కొంతవరకు తట్టుకుంటుంది. తలుపు చప్పుడు, పక్కింటి కుక్కర్ కూత లాంటివి మధ్యలో పడితే మాత్రం ఆ కొలతను పారేసి మళ్లీ తీయండి.

స్వీప్ నడుస్తున్నప్పుడు చెవులు తెరిచి ఉంచండి. స్టీలు బీరువా తలుపు, కిటికీ గ్రిల్లు, అరలోని ఇత్తడి సామాను ఏ పౌనఃపున్యం దగ్గర గలగలమంటున్నాయో అప్పుడే తెలుస్తుంది. ఒక స్నేహితుడి ఇంట్లో గంటసేపు వెతికిన కరకర శబ్దం చివరికి పూజగది గంటది. దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు.

చేత్తో చేసే క్రమం చెప్పగలరా?

ముందు సాఫ్ట్‌వేర్ మూసేసి కుర్చీని, స్పీకర్లను జరపండి. కుర్చీ గది మధ్యలో వద్దు, వెనక గోడకు అంటించీ వద్దు. స్పీకర్ ముందు భాగం ఆ స్పీకర్ వెనకున్న గోడకు 1 మీటరు దూరంలో ఉంటే, గోడ తాకి తిరిగివచ్చే శబ్దం వల్ల 86 హెర్ట్జ్ దగ్గర పల్లం వస్తుంది. జరిపితే పల్లం కూడా జరుగుతుంది. ఈ పనికి ఒక సాయంత్రం పూర్తిగా ఇవ్వండి. తరువాత చేసే ఏ సవరణా దీనికి సాటిరాదు.

ఆ తరువాత ఎడమ, కుడి స్పీకర్లను విడివిడిగా, తల ఉండే చోటు చుట్టూ ఒక అడుగు పరిధిలో ఐదారు చోట్ల కొలిచి సగటు తీయండి. 300 హెర్ట్జ్ కింద సగటు గ్రాఫులో అన్నిటికన్నా పెద్ద మిట్టను పట్టుకోండి. దాని మధ్య పౌనఃపున్యం, ఎత్తు, వెడల్పు సరిపోయేలా ఒక్క కోత వేయండి. మళ్లీ కొలవండి. ఎత్తుతో పాటు శబ్దం చల్లారే కాలం తగ్గిందా అన్నది కూడా చూడండి. గది అనునాదానికి సరిగ్గా సరిపోయిన కోత ఈ రెండింటినీ తగ్గిస్తుంది. ఎత్తు తగ్గి ఈడుపు తగ్గకపోతే వెడల్పు సరిపోలేదన్నమాట. మూడు నుంచి ఐదు కోతలతో చాలా గదులు దారికొస్తాయి. ఇరవై ఫిల్టర్లు కావాల్సి వస్తోందంటే కుర్చీ మళ్లీ జరపాల్సిన సమయం వచ్చింది.

ఎఫ్‌ఐఆర్ ఫిల్టర్లు గొప్పవంటారు, నిజమేనా?

వాటితో స్థాయిని, ఫేజ్‌ను (తరంగం లేచి పడే సమయాన్ని) వేర్వేరుగా మార్చవచ్చు. స్పీకర్ క్రాసోవర్ (శబ్దాన్ని వూఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే భాగం) వల్ల వచ్చిన కాలభేదాన్ని సరిదిద్దడానికి బాగా పనికొస్తాయి. రీఫేజ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేసి చూడవచ్చు. కానీ మంద్రంలో వాటికి చాలా పొడవు కావాలి. 96 కిలోహెర్ట్జ్ వేగంతో నడుస్తూ ఛానెల్‌కు 2048 టాప్స్ (ఫిల్టర్ లెక్కలో వాడే గుణకాలు) మాత్రమే ఇచ్చే చిన్న పెట్టెలో ఒక్కో మెట్టు 47 హెర్ట్జ్. 40 దగ్గరి మిట్టను అంత మొద్దు ఉలితో చెక్కలేం. కంప్యూటర్ మీద 48 కిలోహెర్ట్జ్‌లో 65,536 టాప్స్ వేస్తే వివరం వస్తుంది, కానీ లీనియర్ ఫేజ్ (అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా ఆలస్యం చేసే రకం) అయితే 0.68 సెకన్ల ఆలస్యం. పాటలకు ఫరవాలేదు; సినిమాలో పెదవులు ముందు కదిలి మాట తరువాత వస్తుంది. పైగా ఫేజ్‌ను అతిగా సరిచేస్తే దెబ్బ పడకముందే దాని నీడలాంటి శబ్దం వినిపిస్తుంది. మృదంగం, తబలాల మీద ఇది వెంటనే తెలిసిపోతుంది.

మంద్రానికి పైన చెప్పిన మూడు సంఖ్యలతో వేసే మామూలు ఐఐఆర్ ఫిల్టర్లే చాలు. నేను అవే వాడుతున్నాను.

గ్రాఫు బల్లపరుపుగా వచ్చింది, కానీ వినడానికి కీచుగా ఉంది. ఎందుకు?

కూర్చునే చోట కొలిచిన గ్రాఫు బల్లపరుపుగా ఉండకూడదు కనుక. మంచి స్పీకర్‌ను మామూలు గదిలో కొలిస్తే మంద్రం నుంచి తారానికి మెల్లగా వాలుతూ వస్తుంది. తార శబ్దాలు ఒక దిక్కుకే వెళతాయి, కర్టెన్లు, సోఫాలు వాటిని మింగుతాయి. మంద్రం గదంతా నిండుతుంది. డెన్మార్క్‌కు చెందిన బ్రూయెల్ అండ్ కేర్ సంస్థ 1974లోనే ఇలాంటి వాలును సూచించింది. ఆ వాలును బలవంతంగా ఎత్తితే స్పీకర్ నుంచి నేరుగా వచ్చే శబ్దం కీచుమంటుంది. మీ పద్ధతిలో లక్ష్య గీతను మార్చే వీలుంటే వాలు పెట్టండి. ఆడిసీ మూలరూపంలో 2 కిలోహెర్ట్జ్ దగ్గర చిన్న పల్లం కావాలనే పెడుతుంది. గాయకుల గొంతు వెనక్కి వెళ్లినట్టు అనిపిస్తే యాప్‌లో దాన్ని ఆపివేసి వినండి.

సబ్‌వూఫర్ 3 మీటర్ల దూరంలో ఉంటే రిసీవర్ 5 మీటర్లని చూపిస్తోంది. సరిచేయాలా?

వద్దు. సబ్‌వూఫర్ లోపలి ఎలక్ట్రానిక్స్ తీసుకునే ఆలస్యాన్ని కూడా అది దూరంగానే లెక్కిస్తుంది. మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు. టేపు పెట్టి కొలిచి 3కు మార్చారంటే యంత్రం సరిగ్గా చేసిన పనిని చెడగొట్టినట్టే. మార్చాల్సింది మరొకటి: ముందు స్పీకర్లను అది పెద్దవిగా (మంద్రాన్నీ తామే పలికేవిగా) నమోదు చేస్తే చిన్నవిగా మార్చి క్రాసోవర్‌ను, అంటే మంద్రం సబ్‌వూఫర్‌కు మళ్లే చోటును, 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి.

ఇంట్లో నలుగురం కూర్చుంటాం. అందరికీ ఒకేలా వినిపించాలంటే?

ఒక్క సబ్‌వూఫర్‌తో, ఎంత సవరించినా, కష్టం. ఒకరి కుర్చీలో మిట్ట, పక్కవారి కుర్చీలో పల్లం ఉంటే ఒకే ఫిల్టర్ ఇద్దరినీ ఎలా తృప్తిపరుస్తుంది? ఎదురెదురు గోడల్లో ఒక్కోదాని నడిమధ్య ఒకటి చొప్పున రెండు చిన్న సబ్‌వూఫర్లు పెట్టండి. కొన్ని అనునాదాలను అవే పరస్పరం అణచుకుంటాయి. కుర్చీకీ కుర్చీకీ తేడా తగ్గాక యంత్రానికి అప్పగించండి. ఒక పెద్దదానికి పెట్టే డబ్బును రెండు చిన్నవాటికి పెట్టమని అడిగినవారందరికీ చెబుతుంటాను.

కర్టెన్లు, గుడ్ల అట్టలు పెడితే సవరణ అవసరం తప్పుతుందా?

గుడ్ల అట్టల వల్ల ప్రయోజనం లేదు. మందపాటి కర్టెన్లు, తివాచీ, పుస్తకాల అరలు మధ్య, తార భాగాల్లో ప్రతినాదాన్ని తగ్గిస్తాయి, ఇది ఏ ఫిల్టరూ చేయలేని పని. 1895లో హార్వర్డ్‌లో వాలెస్ సబీన్ అనే యువ అధ్యాపకుడు, ఉపన్యాసం అర్థం కాని ఒక హాలును బాగుచేయమంటే, పక్క థియేటరులోని సీటు పరుపులను రాత్రివేళ మోయించి తెచ్చి పరిచి, ప్రతినాదం ఎంత తగ్గుతుందో ఒక్కొక్కటిగా లెక్కగట్టాడు. గది శబ్దశాస్త్రం అలా పరుపులతో మొదలైంది. టైల్స్ నేల ఉన్న హాల్లో మాటలు మసకగా వినిపిస్తే మీరూ అక్కడే మొదలుపెట్టండి.

మంద్రం వేరు. 50 హెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు 1.7 మీటర్లు. అంత మందం పరుపు ఏ హాల్లో పడుతుంది? అందుకే మంద్రంలో డిజిటల్ సవరణకు అంత విలువ.

మెరుగైందో, మెరుగైందని అనుకుంటున్నానో ఎలా తెలుసుకోవాలి?

సవరణ ఉన్నప్పుడు, లేనప్పుడు స్థాయి సమానం చేయండి. కోతలు వేస్తే శబ్దం తగ్గుతుంది. తగ్గినది చెవికి పేలవంగా తోస్తుంది, అప్పుడు మంచి సవరణను కూడా తీసేస్తాం. ఇంట్లో మరొకరిని మీట మార్చమని, ఏది ఏదో చెప్పవద్దని అడగండి. బాగా తెలిసిన నాలుగు పాటలు వినండి. వాటిలో ఒకటి పాతకాలపు ఒంటి మైకు రికార్డింగు అయితే మంచిది. సవరణ సరిగ్గా ఉంటే దాని పాతదనం అలాగే ఉండి, గొంతు మాత్రం గది నుంచి విడివడి ముందుకు వస్తుంది. రికార్డింగులన్నీ ఒకేలా వినిపించడం మొదలైతే పైభాగంలో చేయి ఎక్కువ పెట్టారని అర్థం.

ఎన్నాళ్లకొకసారి మళ్లీ కొలవాలి?

కాలాన్ని బట్టి కాదు, మార్పును బట్టి. కుర్చీ అడుగు జరిగినా, కొత్త సోఫా వచ్చినా, బాల్కనీకి అద్దాలు బిగించినా కొలవండి. తలుపు తెరిచి వినే అలవాటుంటే తెరిచే కొలవండి, ఎందుకంటే తలుపు మూస్తే మంద్రం మారుతుంది. నేల మీద స్పీకర్లు, కుర్చీ ఉండాల్సిన చోట చిన్న టేపు ముక్కలు అంటించి ఉంచాను. ఇల్లు ఊడ్చి తుడిచాక అన్నీ ఆ గుర్తుల మీదికి చేరుస్తాను.